ఇబ్రా ఏటిలో గోంగూర మడి

ఒమన్‌లో నదులు లేవట. మా మనవరాలు భోజనాల బల్ల మీద పుస్తకాలు పరుచుకుని, పెన్సిలు చివర కొరుకుతూ ఆ మాట అనేసింది. ఎంత తేలిగ్గా అందంటే, చిక్కుడుకాయలు వలుస్తున్నదాన్ని, గిన్నె పక్కన పెట్టేశాను.

ఈ దేశపు రాజధానిలో, దార్సైట్ అనే పేటలో, మా ఫ్లాట్లో సాయంత్రాలు ఇలాగే గడుస్తాయి. అమ్మాయి, అల్లుడు ఆఫీసుల నుంచి వచ్చేలోపు పిల్ల చదువు నా పహరాలో సాగాలి. తెలుగు నేర్చుకోవే అంటే వినకుండా బడిలో ఫ్రెంచి తీసుకుంది. సరే, దాని ఇష్టం. ఆ రోజు పాఠం ఫ్రాన్సులో ఏదో చిన్న నది గురించి. పేరు నాకు నోరు తిరగదు. ఒక్కో వాక్యం చదివి నాకు తెలుగులో చెబుతోంది. కొండ మీద అడవిలో ఒక బండ కింద ఊటగా పుడుతుందట. మూడు పల్లెల పక్కగా పారుతుందట. పాత పిండిమర చక్రం ఒకటి తిప్పుతుందట. రాతి వంతెన దగ్గర ఒకప్పుడు ఆడవాళ్ళు బట్టలు ఉతికేవారట. చివరికి ఎడమ పక్క నుంచి వచ్చి పెద్ద నదిలో కలుస్తుందట. పొద్దున బయల్దేరిన మనిషి చీకటి పడేలోపు ఆ మూల నుంచి ఈ మూలకు నడిచేయగలడు, అంతే దాని పొడవు. అంత చిన్నదానికి ఎంత మర్యాద చేశారో! ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ చేపలు దొరుకుతాయో అన్నీ రాసిపెట్టారు. పక్కన మ్యాపు. అందులో వెంట్రుకంత నీలిగీత.

వింటుంటే నాకూ బాగానే ఉంది. నదుల గురించి ఎవరు ఏం చెప్పినా వింటాను. చిక్కు వచ్చింది హోమ్‌వర్కు దగ్గర. ఇలాగే మీకు తెలిసిన ఒక చిన్న నది గురించి పది వాక్యాలు రాయండి, ఒమన్‌లో నదులు లేవు కాబట్టి ఫ్రాన్సులోనే ఇంకొకటి చూసుకోండి అని టీచరు చెప్పిందట.

"లేవని ఎవరన్నారే?"

"అందరూ అమ్మమ్మా. పుస్తకంలో కూడా ఉంది. ఇక్కడ ఉండేవి వాడీలు. వాడీ అంటే నీళ్ళు లేని వాగు."

"నీళ్ళు కనపడకపోతే లేనట్టేనా? మీ తాతయ్య వారం రోజులు నోరు విప్పరు. ఆయన ఈ ఇంట్లో లేరా?"

పక్క గదిలో పేపరు చదువుతున్న మా ఆయన దగ్గి ఊరుకున్నారు. పిల్ల నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.  ఆ మాట నేను ఇంతకు ముందు ఒకసారి విన్నాను. మా ఇంట్లో, మా చాప మీద కూర్చుని, మా అమ్మ వండిన పప్పు తింటూ ఒక పెద్దమనిషి అన్నాడు.

"పెన్సిలు తీసుకో. నది నేను చెబుతాను, ఫ్రెంచి నువ్వు చూసుకో" అన్నాను.

ఆ పెద్దమనిషి ఆ మాట అన్నప్పటికి నాకు పదేళ్ళుంటాయేమో. మా నాన్న ఇదే దేశంలో, ఇబ్రా అనే ఊళ్ళో ఇళ్ళు కట్టే ఒక కంపెనీలో టైమ్‌కీపరు. కూలీలు ఎప్పుడు పనిలోకి వచ్చారో ఎప్పుడు వెళ్ళారో రాసుకునే ఉద్యోగం. ఒక చలికాలంలో అమ్మనీ, నన్నూ, తమ్ముణ్ణీ కడప నుంచి తన దగ్గరికి తెచ్చుకున్నారు. అప్పట్లో అలా కుటుంబాన్ని తెచ్చుకోవడం అందరికీ కుదిరేది కాదు. ఊరి అంచున ఖర్జూరపు తోటల పక్కన రెండు గదుల ఇల్లు. ఇంటి ముందు నుంచి నేల దిగువకు జారి, వెడల్పాటి ఇసుక మైదానంలోకి దిగేది. దాని అవతలి గట్టున మళ్ళీ ఖర్జూరాలు, ఆ వెనక గోధుమరంగు కొండలు.

మొదటి రోజు పొద్దున్నే తలుపు తీసి ఆ ఇసుకను చూసిన మా అమ్మ "అయ్యో, ఇక్కడా ఏరుందే!" అని సంతోషపడిపోయింది. కడప జిల్లాలో పుట్టినవాళ్ళకి ఏరంటే ఇసుకే. సంవత్సరంలో ముప్పాతిక భాగం ఇసుకే ఉంటుంది. వేసవిలో అందులో చెలమ తవ్వుకుని మంచినీళ్ళు తెచ్చుకుంటాం, దోసపాదులు పెట్టుకుంటాం, ఇంట్లో ఉక్కపోస్తే చాప పట్టుకెళ్ళి అందులోనే పడుకుంటాం. పై నుంచి నీళ్ళు వదిలినా, వాన పడినా ఎగువ ఊళ్ళ నుంచి ముందే కబురు వస్తుంది. నీళ్ళు కనపడని ఏటిని చూసి భయపడడం మాకు చేతకాదు.

ఆ చేతకానితనమే మా మేస్త్రి మామ ప్రాణం తీసింది. కాదు. అలా అంటే నేనూ ఆ కంపెనీ మాటే అన్నట్టవుతుంది. సరిగ్గా చెబుతాను.

మేస్త్రి మామ తాపీ మేస్త్రి. మా జిల్లా మనిషే. ఇంట్లో ఉర్దూ, బయట మా తెలుగు. మా అమ్మను అక్కా అనేవాడు, కాబట్టి మాకు మామ. కంపెనీ క్యాంపు ఎక్కడ వేశారనుకుంటున్నారు? సరిగ్గా ఆ ఇసుక మధ్యలో. ప్లైవుడ్ గదులు వరసగా నిలబెట్టి, ఒక జనరేటరు పెట్టి, మనుషుల్ని అందులోకి తోలారు. గట్టు మీద జాగా తీసుకుంటే అద్దె కట్టాలి. ఏటికి అద్దె అడిగేవాడు ఉండడు కదా.

శుక్రవారం వస్తే మామ మసీదుకు వెళ్ళి వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చునేవాడు. అమ్మ రాగిసంగటి కెలికేది. రాగిపిండి మేము సూట్‌కేసులో బట్టల మధ్య దాచి తెచ్చింది. పక్కన ఎండుచేపల వేపుడు. ఆ వాసనకు వీధి చివరి పిల్లులన్నీ మా గుమ్మం ముందే. మామ ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుంటూ, ఒక్కటే బాధ పడేవాడు.

"అంతా బాగుండాది గానీ అక్కా, గోంగూర లేని బతుకేం బతుకు? ఈ దేశమోళ్ళు పుల్లగా ఏం తినాలన్నా ఎండునిమ్మకాయే."

ఊరి నుంచి వస్తున్న ఎవరితోనో విత్తనాలు తెప్పించాడు. క్యాంపు వెనక ఇసుకలో మోచేతి లోతు తవ్వితే చెమ్మ తగిలింది, ఇంకొంచెం తవ్వితే నీళ్ళు ఊరాయి. మా కేకలు ఊరంతా వినపడి ఉంటాయి. తమ్ముడు చెలమలో బొక్కబోర్లా పడుకుని నోటితోనే తాగేశాడు.

"రేయ్, మొదటి నీళ్ళు తోడి పారబోయాల రా, అన్నీ తాగేస్తే చెలమ అలుగుతాది" అని మామ వాడి చెవి మెలేశాడు. చుట్టూ కంప నాటి, మేకలు రాకుండా గోనెసంచులు కట్టి, గోంగూర మడి వేశాడు. మడి గట్టున తోటకూర. ఒక పక్క దోసపాదు. వేసవి మొదలయ్యేసరికి గోంగూర నా మోకాళ్ళ దాకా వచ్చింది. క్యాంపు వంటశాలలో వారానికి రెండుసార్లు గోంగూర పప్పు. పనివాళ్ళు ఆ రోజుల్లో ఇంకో గరిటె అన్నం అడుగుతున్నారని వంటమనిషి తిట్టుకునేవాడు. నేనూ తమ్ముడూ పిందెల్లోనే దోసకాయలు కోసేసి, ఉప్పద్దుకుని తిని, తొడిమలు ఇసుకలో పాతేసేవాళ్ళం. మామకు తెలుసు. "ఎలకలు పడినాయక్కా, రెండు కాళ్ళ ఎలకలు" అని అమ్మతో చెప్పేవాడు.

మా పక్క తోట ఒక ముసలమ్మది. మొహానికి ముక్కు మీదుగా నల్లటి ముసుగు, ఆకుపచ్చ పైట, చేతిలో కర్ర. మా అమ్మకు అరబ్బీ రాదు, ఆమెకు తెలుగు రాదు, అయినా ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవారు. అమ్మ గోంగూర పచ్చడి ఇస్తే ఆమె వేలితో నాకి, కళ్ళు మూసుకుని, ఏదో దేవుణ్ణి తలుచుకునేది. బదులుగా పుల్లటి మజ్జిగ పంపేది, ఖర్జూరాలు పంపేది. ఆమె ఇంట్లో ఎప్పుడూ సాంబ్రాణి, ఏలకులు వేసిన కాఫీ కలిసిన వాసన. తోటలోకి పారే సన్నటి కాలువలో మేం ఖర్జూరపు పూగుత్తుల తొడుగులతో చేసిన పడవలు వదిలితే కర్ర ఎత్తేది, కొట్టేది మాత్రం కాదు.

ఆ ముసలమ్మ మొదటిసారి మడిని చూసినప్పుడు మామ మురిసిపోతూ ఒక గోంగూర కట్ట ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు. కర్రతో కొండల్ని చూపించింది. తర్వాత ఇసుకను చూపించింది. తర్వాత పక్కనున్న తుమ్మచెట్టు కొమ్మల్ని చూపించింది. మనిషి తల కంటే ఎత్తున ఆ కొమ్మల్లో ఎండిన ఖర్జూరపు మట్టలు, గుడ్డపీలికలు ఇరుక్కుని ఉన్నాయి. మేం అవి గద్ద గూళ్ళనుకున్నాం. ఆమె కొడుక్కి కొద్దిగా ఉర్దూ వచ్చు. సాయంత్రం అతను మా ఇంటికే వచ్చి నాన్నకు విడమరిచి చెప్పాడు. అవి ఏరు వదిలి వెళ్ళిన చెత్త. ఇక్కడ ఆకాశంలో మబ్బు లేకపోయినా కొండల్లో వాన పడితే చాలు, నీళ్ళు ఒక్కసారిగా గోడలా వస్తాయి. ఊళ్ళో ఎవడూ అందులో మేకనైనా కట్టడు. మీ వాళ్ళని బయటికి తెచ్చుకోండి.

నాన్న చెప్పారు. ఆ మాట ఒప్పుకుంటాను. మేనేజరు మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజు చెప్పారు. ఆయన తెలుగువాడే. ఇబ్రాలో తెలుగువంట దొరికే ఇల్లు మాదొక్కటే కాబట్టి నెలకోసారి వచ్చేవాడు. తినేది ఏమిటనుకున్నారు? ఆ మడిలో గోంగూరే. నేను నీళ్ళగ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

"సార్, క్యాంపు వాడీలో ఉంది. కొండల్లో వాన పడితే నది వస్తుందంటున్నారు ఊరివాళ్ళు. గట్టు మీదకి మారిస్తే..."

"నదా? ఏ నదయ్యా?" అని ఆయన ఎడంచేత్తో బ్యాగులోంచి మ్యాపు లాగి చాప మీద పరిచాడు. "ఇదిగో, నీలిగీత ఎక్కడుందో చూపించు."

నాన్న ఒంగి చూశారు. నీలిగీత లేదు. కొండల నుంచి ఇసుకదిబ్బల దాకా చిన్న చిన్న చుక్కలు మాత్రం ఉన్నాయి. నాన్న వాటి మీద వేలు పెట్టారు.

"అవి చుక్కలయ్యా. చుక్కలంటే లేదని అర్థం."

"కానీ సార్..."

"నీ కుటుంబానికి వీసా ఎవరి సంతకంతో వచ్చిందో గుర్తుందిగా? డ్యూటీ చూసుకో. అమ్మా, ఇంకొంచెం పప్పు వెయ్యండి, అమోఘంగా ఉంది."

అమ్మ పప్పు వేసింది. నాన్న మ్యాపు మడిచి ఆయన చేతికిచ్చారు. ఆ తర్వాత నాన్న ఆ సంగతి ఎత్తలేదు. అమ్మ ఒకటి రెండుసార్లు గుర్తు చేస్తే "చెప్పాను కదా, వినకపోతే నన్నేం చెయ్యమంటావు" అన్నారు. మామతో కూడా నవ్వుతూ అన్నారు, వాడీ వస్తుందట జాగ్రత్త అని. మామ కూడా నవ్వాడు.

"రానీ అన్నా, ఎన్ని ఏర్లు చూసినాం. ఏరొస్తే మడి ఒండు పట్టి ఇంకా బాగా పండుతాది."

ఎండలు ముదిరాయి. ఖర్జూరాలు పసుపురంగు తిరిగాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలు అయ్యాక, అమ్మ నన్ను గుమ్మంలో కూర్చోబెట్టుకుని తలకు నూనె పెడుతోంది. లేకపోతే నేనూ తమ్ముడూ మడిలోనే ఉండేవాళ్ళం. మామ మాకోసం గోంగూర కోసుకొస్తానని దిగాడు. క్యాంపులో మిగతావాళ్ళంతా తిని పడుకున్నారు. జనరేటరు మోగుతోంది. ఆకాశం నున్నగా, మబ్బు తునక లేకుండా ఉంది. దూరంగా కొండల మీద మాత్రం నల్లటి మసక.

ముందు వాసన వచ్చింది. తడిమట్టి వాసన. నెలల తరబడి దుమ్ము పీల్చిన ముక్కులకి అది తగలగానే మా అమ్మ దువ్వెన ఆపి "వానే!" అంది. మడిలో మామ నిటారుగా లేచి నిలబడి, రెండు చేతులూ చాచి, గట్టిగా ఊపిరి పీల్చాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ కనపడుతుంది. సొంత ఊరి వాసన తగిలిన మనిషి మొహం.

"పాపా, వాన పడతాండాది యాడనో! మన ఊరి వాసనే!" అని మా గట్టు వైపు చూసి అరిచాడు.

పక్క తోటలోంచి ముసలమ్మ ముసుగు ఊడిపోతున్నా చూసుకోకుండా, కర్ర ఊపుతూ పరిగెత్తుకొచ్చింది. "వాడీ! వాడీ!" ఆ కేకకు ఊళ్ళో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అప్పుడు వినపడింది చప్పుడు. నీళ్ళ చప్పుడు కాదు, రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. మలుపు దగ్గర కంపలూ నురుగూ బురదా కలిసిన ఎర్రటి గట్టు ఒకటి కదిలి వస్తోంది.

మామ ఉన్నచోటు నుంచి మా గట్టు దగ్గర. ఒక్క పరుగు తీస్తే చాలు. మా అమ్మ "ఇటు రా తమ్ముడూ, ఇటు!" అని గొంతు చించుకుంది. మామ మా వైపు ఒకసారి చూశాడు. వెనక్కి తిరిగి క్యాంపు వైపు పరిగెత్తాడు. జనరేటరు మోతలో లోపలివాళ్ళకి ఏమీ వినపడదు. ఒక్కో తలుపునూ తన్నుకుంటూ, "ఉఠో! లేవండ్రా! ఉఠో!" అని అరుచుకుంటూ వరస చివరిదాకా పోయాడు. లుంగీల్లో, బనియన్లలో మనుషులు బయటపడి అవతలి గట్టుకు పాకారు. అటుపక్క తోటల్లోంచి వచ్చిన ఊరివాళ్ళు తలపాగాలు విప్పి అందించి లాగారు. అందరూ పైకి వచ్చారు. చివరి గది తలుపు తన్నిన మనిషి మాత్రం రాలేదు. గదులు అగ్గిపెట్టెల్లా లేచి తేలాయి. నేను అంతకంటే చూడలేదు, మా అమ్మ నా మొహాన్ని కొంగులో కప్పేసింది.

ఇప్పుడు ఆ నది దారి చెబుతాను. ఫ్రాన్సు నది దారి ఎవరో పరిశోధకుడు నడిచి రాసి ఉంటాడు. మా ఇబ్రా ఏటి దారి మాకు ఎలా తెలిసిందంటే, మామను వెతుకుతూ నడిచి తెలుసుకున్నాం. ముసలమ్మ కొడుకులు, ఊరి మగవాళ్ళు, మా నాన్న, క్యాంపులో బతికి బయటపడ్డవాళ్ళు పికప్పుల్లోనూ కాళ్ళ మీదా దాని వెంట పోయారు. నాన్న సాయంత్రాలు బురదకాళ్ళతో వచ్చి అమ్మకు చెబుతుంటే నేను విన్నాను. కొండల్లో మూడు చీలికల నుంచి దిగి ఊరికి ఎగువన ఒకటవుతుంది. తోటల మధ్య నుంచి వచ్చి, కూలిన మట్టిబురుజు దగ్గర తూర్పుకు తిరుగుతుంది. నల్లరాతి గుట్టను చుట్టుకుని పోతుంది. అక్కడ మా క్యాంపు గది తలుపు దొరికింది. తర్వాత మేకల దొడ్లున్న పల్లె. అక్కడ మామ కట్టిన గోనెసంచి దొరికింది. తర్వాత ఇంకో పల్లె, అక్కడ నది చేతివేళ్ళలా చీలుతుంది. ఆ పైన చెట్లు పల్చబడి, నేల చదునై, ఎర్రటి ఇసుకదిబ్బలు మొదలవుతాయి. మా ఏరు ఏ నదిలోనూ కలవదు. సముద్రం మొహం చూడదు. ఆ దిబ్బల అంచున ఇంకిపోతుంది. మామ అక్కడ దొరికాడు.

చివరి పల్లెవాళ్ళు ఆయన ఎవరో తెలియకపోయినా సొంతమనిషికి చేసినట్టు స్నానం చేయించి, నమాజు చదివి, తమ శ్మశానంలో ఖననం చేశారు. ముసలమ్మ మా గుమ్మంలో కూర్చుని మా అమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చింది. కంపెనీ నుంచి ఒక్కడూ రాలేదు ఆ రోజు.

తర్వాత వచ్చాడు మేనేజరు. బతికిన పనివాళ్ళు మా ఇంటి ముందు గుంపుగా నిలబడ్డారు. మామ భార్యాబిడ్డలకు ఏం జవాబు చెబుతారని ఒకతను అడిగాడు. కిటికీ చువ్వలు పట్టుకుని నేను వింటున్నాను.

"చూడండయ్యా, సెలవు రోజు, డ్యూటీలో లేని మనిషి, సొంత కూరగాయల కోసం వాడీలోకి దిగాడు. దిగొద్దని కంపెనీ ముందే హెచ్చరించింది. వినలేదు. దానికి కంపెనీ ఏం చేస్తుంది?"

ఎంత ఒడుపుగా తిప్పాడో చూడండి! మొన్నటి దాకా ఆ నది లేనే లేదు. మనిషి పోయాక ఉన్నట్టుండి పుట్టింది, పైగా ఆయనే దాని గురించి హెచ్చరించాడట. ఆ సొంత కూరగాయలు నెలల తరబడి తిన్నదెవరు? తలుపులు తన్ని లేపకపోతే ఆ గదుల్లో పడుకున్నవాళ్ళు ఏమయ్యేవాళ్ళు? అక్కడ మనుషుల్ని పడుకోబెట్టింది ఎవరు? ఇవన్నీ ఇప్పుడు అడుగుతున్నాను. అప్పుడు అడగవలసినవాళ్ళు వేరే ఉన్నారు.

మేనేజరు మా నాన్న వైపు తిరిగాడు. "ఏమయ్యా, నువ్వే కదా సాక్షి. హెచ్చరించామా లేదా?"

పనివాళ్ళంతా నాన్న మొహం చూశారు. నాన్న నేలచూపులు చూస్తూ, అవునన్నట్టు తల ఊపారు.

ఆ సాయంత్రం అమ్మ అన్నం వడ్డించింది. ఒక్క మాటే అడిగింది. "ఆ తల ఊపింది మీరేనా?" నాన్న అన్నంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఆ నెలలోనే అమ్మ మమ్మల్ని తీసుకుని కడప వచ్చేసింది. వెళ్ళేముందు ముసలమ్మ మా సామానులో ఖర్జూరాల బుట్ట పెట్టింది. మామ ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ ఆ బుట్ట అక్కడ ఇచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన తప్పేమీ లేదని, అందరినీ లేపి పోయాడని చెప్పింది. మామ భార్య "కంపెనీవాళ్ళు అట్ల రాయలేదక్కా" అంది.

నాన్న చాలా ఏళ్ళు బతికారు. మంచి మనిషి అని అందరూ అంటారు, నేనూ అంటాను. మాకు చదువులు చెప్పించారు, పెళ్ళిళ్ళు చేశారు. కానీ ఆ తల ఊపు మాత్రం నేను మర్చిపోలేదు, క్షమించానని అబద్ధం చెప్పలేను. పెళ్ళయ్యాక మా ఆయన ఇక్కడ రాజధానిలోనే, రూవి పేటలో కొట్టు పెడితే నేను మళ్ళీ ఈ దేశమే వచ్చాను. ఇన్నేళ్ళలో ఇబ్రా వైపు కారు తిప్పమని ఒక్కసారీ అడగలేదు.

మనవరాలు అంతా విని, రెండుసార్లు ముక్కు తుడుచుకుని, పది వాక్యాలు రాసింది. మూడు చీలికల్లో పుడుతుంది. మట్టిబురుజు దగ్గర తిరుగుతుంది. అందులో ఒకాయన ఆకుకూర పండించాడు. నిద్రపోతున్నవాళ్ళను లేపాడు. ఇసుకలో ఇంకిపోతుంది. ఇలా అన్నీ ఫ్రెంచిలో. వారం తర్వాత టీచరు దాన్ని వెనక్కి ఇచ్చింది. అడిగింది నది గురించి, మనిషి గురించి కాదట. పైగా నిజంగా అలాంటి నది ఉంటే ఫొటో తెమ్మందట. నాకు ఎక్కడో మండింది. అల్లుణ్ణి పిలిచి, "శుక్రవారం ఇబ్రా వెళ్తున్నాం" అన్నాను.

ఊరు పోల్చుకోలేనంత మారింది. రోడ్లు, షోరూములు, పెట్రోలు బంకులు. మా రెండు గదుల ఇల్లు లేదు, ముసలమ్మ తోటలో సగం ఎండిపోయి మోడులు నిలబడ్డాయి. ఏరు మాత్రం ఉంది. ఫొటో తీయమని పిల్లకు చూపించబోయి, చాచిన చెయ్యి దించేశాను. గట్టు కింద, ఇసుకలో, తీగకంచె వేసి ఒక వరస గదులు. నీళ్ళట్యాంకు. తాళ్ళ మీద ఆరేసిన ప్యాంట్లు, లుంగీలు. ఒక గది ముందు ఇద్దరు కుర్రవాళ్ళు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు.

అల్లుడు వద్దంటున్నా దిగాను. చెప్పులు ఇసుకలో దిగబడుతుంటే గేటు దాకా నడిచాను. సూపర్‌వైజరు బయటికొచ్చాడు. ముప్పై దాటని తెలంగాణ అబ్బాయి. తెలుగు వినగానే మొహం విప్పారింది.

"బాబూ, ఇక్కడ మనుషుల్ని ఎందుకు పెట్టారు? ఇది నది."

"నది ఏడిది ఆంటీ? ఒక్క చుక్క నీళ్ళు లేవు. టెంపరరీ క్యాంపే, ఆర్నెల్లల్ల సైట్ అయిపోతది, తీసేస్తం."

"ఆర్నెల్లు అక్కర్లేదు నాన్నా, దానికి ఒక మధ్యాహ్నం చాలు." నేను చూసింది చెప్పాను, గోడలా వచ్చే నీళ్ళు, చివరి తలుపు, దిబ్బల అంచు, అన్నీ. ఉల్లిపాయల కుర్రవాళ్ళు కత్తి ఆపి వింటున్నారు. సూపర్‌వైజరు మొహంలో నవ్వు పోయింది. కొండల వైపు ఒకసారి చూశాడు. తర్వాత మా నాన్న లాగే నేల చూశాడు.

"నా చేతుల ఏముంది ఆంటీ. పెద్ద సారుకు చెప్తే నా డ్యూటీ పోతది. సరే, ఒకపారి చెప్పి చూస్త."

"ఒకసారి కాదు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినపడింది. పెద్ద సారు ఫోను నంబరు ఇవ్వమన్నాను. ఇవ్వనన్నాడు. కంచె మీద కట్టిన కంపెనీ బోర్డుకు పిల్ల చేత ఫొటో తీయించాను. నంబరు దాని మీదే ఉంది. మర్నాడు ఫోను చేశాను. ఎవరో అమ్మాయి ఇంగ్లీషులో మర్యాదగా విని, సంబంధిత వ్యక్తికి తెలియజేస్తామని పెట్టేసింది. దాని మర్నాడు మళ్ళీ చేశాను. మూడో రోజు నా నంబరు చూసి ఎత్తడం మానేశారు. పిల్ల ఫోనులోంచి చేశాను.

ఇంట్లో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. అమ్మాయి కోపంగానే ఉంది. "చెప్పావు కదమ్మా, ఇక వాళ్ళిష్టం" అంటుంది. సరిగ్గా ఆ మాట మా ఇంట్లో నేను పదేళ్ళప్పుడే విన్నాను. మా నాన్న ఒక్కసారి చెప్పి ఊరుకున్నారు. రేపు శుక్రవారం. నేను మళ్ళీ ఇబ్రా వెళ్తున్నాను.